జింకు సల్ఫేటు డీఏపీ నీళ్లలో కలిపితే పాలలా విరిగింది. సంచి నకిలీదా?

వంశధార రైతు (నరసన్నపేట దగ్గర) – ఆగస్టు 9, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. ఊడ్పు అయి ఇరవై మూడు రోజులైంది. శ్రీకాకుళం సన్నాలు వరి వేశాను, ఎకరం డెబ్భై సెంట్లు. పల్లపు మడిలో ఆకుల మొదళ్ల దగ్గర ఈనె పాలిపోయి, ఆకు మీద తుప్పు చల్లినట్టు మచ్చలు వచ్చాయి. జింకు లోపమని పక్క చేను పెద్దాయన చూడగానే చెప్పారు. దుకాణంలో కిలో జింకు సల్ఫేటు తెచ్చాను. ఎలాగూ డీఏపీ (డైఅమ్మోనియం ఫాస్ఫేటు ఎరువు) పిచికారీ చేద్దామనుకుంటున్నాను కదా, రెండు పనులూ ఒక్క కూలితో అయిపోతాయని, వంద లీటర్ల డ్రమ్ములో రెండు కిలోల డీఏపీ నానబెట్టి వడకట్టిన నీళ్లు పోసి, అందులో రెండు వందల గ్రాముల జింకు సల్ఫేటు కలిపాను.

నిమ్మకాయ పిండిన పాలు చూశారా? అలా విరిగింది. కర్రతో తిప్పేకొద్దీ తెల్లటి తరకలు లేచాయి. నాజిల్ మూడుసార్లు పూడుకుపోయింది, మూడుసార్లూ సైకిల్ పుల్లతో పొడిచాను. సాయంత్రానికి డ్రమ్ము అడుగున తెల్లటి బురద పేరుకుంది.

అసలు సరుకైతే పంచదారలా కరగాలి కదా? జింకు సల్ఫేటులో మెగ్నీషియం సల్ఫేటు కలిపి అమ్ముతారని చాలాసార్లు విన్నాను. దుకాణానికి వెళ్లి గొడవ పెట్టుకునే ముందు ఇక్కడ అడుగుతున్నాను.

బొబ్బిలి బాబాయి – ఉదయం 7:15

గొడవ ముందు పెట్టుకోండి, రసాయన శాస్త్రం తరవాత చూసుకోవచ్చు. రెండేళ్ల కిందట నాకూ ఇలాంటి సంచే అంటగట్టారు. బిల్లు ఇవ్వమంటే నవ్వాడు.

కోట మాస్టారు (విజయనగరం) – ఉదయం 8:02

గొడవ వద్దు. బాబూ, మీరు దేన్ని నేరం అనుకుంటున్నారో అదే మీ సంచి తరఫు సాక్ష్యం. విరిగింది కాబట్టే అందులో జింకు ఉంది. వట్టి మెగ్నీషియం సల్ఫేటు అయితే డీఏపీ నీళ్లలో అలా తరకలు కట్టేది కాదు. ఎరువుల కల్తీ పట్టడానికి వ్యవసాయ శాఖ వాళ్లు రైతులకు చూపించే పరీక్షల్లో ఇదొకటి. మీరు తెలియకుండా వంద లీటర్ల గాజు గ్లాసులో ఆ పరీక్ష చేశారు.

జరిగింది ఇది. లవణం నీళ్లలో పడగానే సంచి మీద రాసిన పేరు అక్కడితో చెల్లిపోతుంది. డ్రమ్ములో జింకు సల్ఫేటు అనే వస్తువు ఇక ఉండదు. జింకు అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) నీటి అణువులను చుట్టుకుని విడిగా తిరుగుతాయి, సల్ఫేటు అయాన్లు విడిగా. డీఏపీ కూడా అంతే, అమ్మోనియం ఒక దారి, ఫాస్ఫేటు ఒక దారి. నాలుగూ ఒకచోట చేరాక ఏ రెండింటి పొత్తు నీళ్లకు గిట్టదో ఆ రెండూ గడ్డకట్టి కిందికి దిగుతాయి. ఇక్కడ ఆ పొత్తు జింకు, ఫాస్ఫేటులది. సల్ఫేటుకు ఈ తగాదాతో సంబంధం లేదు, అమ్మోనియంతో కలిసి పైనున్న నీళ్లలోనే ఉండిపోయింది.

లెక్క కూడా చూద్దాం. మీ రెండు వందల గ్రాముల్లో అసలు జింకు నలభై గ్రాముల పైచిలుకు. దాన్నంతా పట్టుకోవడానికి కావలసిన ఫాస్ఫేటుకు ముప్పై రెట్లకు పైనే మీ రెండు కిలోల డీఏపీలో ఉంది. అంటే డీఏపీ మీకు పెద్దగా నష్టం కాలేదు. పోయింది జింకు, దాదాపు అంతా. నిన్న మీరు చేనుకు కొట్టింది వట్టి డీఏపీ నీళ్లు. కావలసినది డ్రమ్ము అడుగున ఉంది.

వంశధార రైతు – ఉదయం 8:20

మాస్టారూ, అయితే ఆ బురదను మళ్లీ నీళ్లలో కలిపి కొట్టవచ్చా? ఎంత తిప్పినా కరగడం లేదు.

కోట మాస్టారు – ఉదయం 8:31

కరగదు. పారబోయకండి, గట్టు మీద కొబ్బరి మొక్కకు పోయండి. పిచికారీ మాత్రం కొత్తగా చేయాలి. లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేటు, మంచి నీళ్లలో, ఒంటరిగా. వారం ఎడంతో రెండు మూడు సార్లు. డీఏపీ వేరే రోజు పెట్టుకోండి. మడిలో చల్లేటప్పుడు కూడా ఈ రెండింటినీ ఒకే తట్టలో కలపకూడదు, కొన్ని రోజుల ఎడం ఉండాలి. నేలలో జరిగేదీ ఇలా విరగడమే, మన కంటికి కనబడదంతే.

ఇంటర్ రెండో ఏడు (శ్రీకాకుళం) – మధ్యాహ్నం 1:10

మాస్టారూ, ఒక సందేహం. మా ప్రాక్టికల్స్‌లో మెగ్నీషియం పరీక్షకు అమ్మోనియా, ఫాస్ఫేటు కలిపితే తెల్లటి అవక్షేపం వస్తుంది. డీఏపీలో అమ్మోనియం, ఫాస్ఫేటు రెండూ ఉన్నాయి కదా. అలాంటప్పుడు మెగ్నీషియం సల్ఫేటు కూడా విరగాలి. మీ సాక్ష్యం చెల్లదేమో?

బొబ్బిలి బాబాయి – మధ్యాహ్నం 1:14

ఈ పిల్లవాణ్ణి వకీలు చదువు చదివించండి.

కోట మాస్టారు – మధ్యాహ్నం 2:45

మంచి ప్రశ్న. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఈ ప్రశ్న వేసిన పిల్లలు నలుగురైదుగురికి మించరు.

వస్తుంది. మెగ్నీషియం అమ్మోనియం ఫాస్ఫేటు అని, ఆరు నీటి అణువులతో స్ఫటికమయ్యే లవణం అది. తేడా అంతా వచ్చే తీరులో ఉంది. జింకు ఫాస్ఫేటు పోసిన క్షణంలోనే పెరుగు తరకలా గుబురుగా కడుతుంది. మెగ్నీషియంది తొందరపడదు. చిక్కటి ద్రావణమైతే కాసేపటికి, పలుచనిదైతే ఇంకా ఆలస్యంగా, సన్న ఇసుకలాంటి గింజలు గ్లాసు గోడలకు పడతాయి. మీ ప్రాక్టికల్స్‌లో గాజు కడ్డీతో పరీక్ష నాళిక లోపలి గోడను గీకమంటారు కదా, ఆ నిదానాన్ని కాస్త తొందరపెట్టడానికే. కాబట్టి డీఏపీ పరీక్షలో కలిపిన వెంటనే చూడాలి, తరకా ఇసుకా అని చూడాలి. గ్లాసు రాత్రంతా ఉంచి పొద్దున చూసి తీర్పు చెబితే నువ్వన్నట్టు సాక్ష్యం చెల్లదు.

ఇంకొక లోపం నేనే ఒప్పుకుంటాను. విరిగింది కాబట్టి జింకు ఉంది అన్నంత వరకే దీనితో చెప్పగలం. జింకులో సగానికి సగం మెగ్నీషియం కలిపినా విరుగుతుంది. ఆ సంగతి తేలాలంటే కాస్టిక్ సోడా కావాలి.

వంశధార రైతు – మధ్యాహ్నం 3:30

సబ్బులు చేసే మా మేనత్త ఇంట్లో కాస్టిక్ ఉంది. ఏం చేయాలో విడమరచి చెప్పండి. అసలు ఈ రెండు లవణాలూ అంత ఒకేలా ఎందుకు ఉంటాయి? సంచిలోది, మందుల దుకాణంలో ఎప్సమ్ సాల్ట్ అని ఇచ్చిన మెగ్నీషియం సల్ఫేటు, రెండూ అరచేతిలో పోసుకుని చూశాను. మా ఆవిడ కూడా చూసింది. తేడా పట్టలేకపోయాం.

కోట మాస్టారు – సాయంత్రం 5:05

కళ్లజోడు పెట్టుకున్నా పట్టలేరు. జింకు అయాను, మెగ్నీషియం అయాను కొలతలో కవలలు, ఒకదాని వ్యాసార్ధం 74 పికోమీటర్లు, రెండోదానిది 72. రెండూ ఏడేసి నీటి అణువులను వెంటబెట్టుకుని సల్ఫేటుతో కలిసి ఒకే ఆకారంలో స్ఫటికమవుతాయి. ఒకదాని స్ఫటికంలో రెండోది దూరి కూర్చున్నా ఆ స్ఫటికం ఆకారం చెడదు. రెండూ తెలుపు, రెండూ నీళ్లలో ఇట్టే కరుగుతాయి. కల్తీ చేసేవాడికి ప్రకృతి ఇంతకన్నా ఏం సాయం చేయాలి?

గట్టి పదార్థంగా ఉన్నంతసేపే ఈ కవలల నాటకం. నీళ్లలోకి దింపి క్షారం చూపిస్తే విడిపోతాయి.

చెంచాడు గింజలు సగం గ్లాసు నీళ్లలో కరిగించండి. వేరే గాజు సీసాలో కాస్టిక్ నీళ్లు చేసుకోండి. నీళ్లలో కాస్టిక్ వేయాలి గాని కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు, కుతకుతలాడి కంట్లో పడుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా మొదలుపెట్టవద్దు, పిల్లలను దూరంగా పంపండి. అల్యూమినియం గిన్నె అసలు పనికిరాదు, కాస్టిక్ దాన్ని తినేస్తుంది. ఇక జింకు గ్లాసులో కాస్టిక్ నీళ్లు చుక్కలు చుక్కలుగా వేయండి. ముందు గంజిలా తెల్లగా వస్తుంది, అది జింకు హైడ్రాక్సైడు. అక్కడ ఆగకండి, ఇంకా పోస్తూ తిప్పండి. జింకు హైడ్రాక్సైడుకు రెండు నాలుకలు. ఆమ్లంలోనూ కరుగుతుంది, ఎక్కువ క్షారం దొరికితే అందులోనూ కరిగి జింకేటుగా మారుతుంది. గ్లాసు మళ్లీ తేటపడుతుంది. మెగ్నీషియం హైడ్రాక్సైడుకు ఆ రెండో నాలుక లేదు. ఎంత కాస్టిక్ పోసినా తెల్లగా అలాగే కూర్చుంటుంది. కల్తీ సరుకైతే కొంత కరిగి, కొంత మిగులుతుంది.

ఎప్సమ్ గ్లాసు ఒకటి పక్కన పెట్టుకుని రెండూ ఒకేలా చేయండి. పోలిక లేని పరీక్షను నమ్మవద్దు.

ఇంటర్ రెండో ఏడు – సాయంత్రం 5:40

బేరియం క్లోరైడు వేసి చూస్తే సరిపోదా?

కోట మాస్టారు – సాయంత్రం 5:52

దానితో సల్ఫేటు ఉందో లేదో తెలుస్తుంది. అది రెండింటిలోనూ ఉంది, దొంగకూ దొరకూ ఒకే ఇంటిపేరు. పైగా బేరియం క్లోరైడు విషం, కళాశాల గది దాటి బయటికి తేవద్దు. తమాషా ఏమిటంటే అదే బేరియం సల్ఫేటు రూపంలో ఉంటే ఎక్స్‌రేకు ముందు రోగులచేత తాగిస్తారు. లీటరు నీటిలో రెండు మిల్లీగ్రాముల చిల్లర మాత్రమే కరుగుతుంది కాబట్టి పేగుల్లో నుంచి నెత్తురులోకి పోయేది దాదాపు ఏమీ ఉండదు.

ఉద్దానం కొబ్బరి – రాత్రి 8:10

తమ్ముడూ, నీ డ్రమ్ము సంగతి చదివి నవ్వొచ్చింది. మా దగ్గర మందు విరగకపోతేనే భయం.

మొవ్వు కుళ్లుకు బోర్డో మిశ్రమం కలుపుతాం కదా. పది లీటర్లకు వంద గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు), వంద గ్రాముల సున్నం. అయిదు లీటర్లలో మైలుతుత్తం, అయిదు లీటర్లలో సున్నం విడివిడిగా కలిపి, నీలం నీళ్లను సున్నంలోకి సన్నటి ధారగా పోస్తూ తిప్పాలి. సున్నాన్ని తెచ్చి మైలుతుత్తంలో గుమ్మరిస్తే ముద్దలు కడుతుంది. సరిగ్గా కుదిరితే ఆకాశం రంగు గంజి తయారవుతుంది, సాయంత్రం దాకా అడుగుకు దిగదు. మా నాన్న చెంచాతో తీసి గోరు మీద వేసుకుని చూసేవాడు. జారితే కుదరనట్టు, అంటుకుంటే కుదిరినట్టు.

చివరికి కత్తి పరీక్ష. తోమిన ఇనుప కత్తిని అందులో నిమిషం ముంచి తీస్తే, దాని మీద ఎర్రటి రాగి పూత కనబడిందంటే సున్నం చాలలేదు. ఇంకాస్త సున్నం నీళ్లు పోయాలి. ఆ పూత కనబడుతున్నా బద్ధకించి కొట్టిన ఏడాది లేత ఆకులు మాడిపోయాయి. అప్పటి నుంచి ఇనుప డ్రమ్ము కూడా మానేశాం, ప్లాస్టిక్‌దే. ఇనుప డ్రమ్ములో మైలుతుత్తం పోస్తే అందులోని రాగి వచ్చి డ్రమ్ముకు అంటుకుంటుంది, డ్రమ్ము ఇనుము నీళ్లలోకి పోతుంది.

మరి మాస్టారూ, ఆయనకు విరిగితే నష్టం, నాకు విరిగితే లాభం. ఇదేమి న్యాయం?

కోట మాస్టారు – రాత్రి 9:25

న్యాయం ఆకు వైపు నుంచి చూడాలి. వరికి జింకు ఆహారం. అది ఆకు లోపలికి పోవాలి, కరిగి ఉంటేనే పోతుంది. కొబ్బరికి మీరు వేసే రాగి కాపలాదారు. అది ఆకు మీద అంటుకుని, వానకు కొట్టుకుపోకుండా, బూజు విత్తనం వచ్చి వాలినప్పుడు మాత్రం కొద్దికొద్దిగా కరగాలి. రాగి అంతా ఒక్కసారే కరిగి ఉంటే ఆకునే కాలుస్తుంది, మీకు జరిగింది అదే. మైలుతుత్తాన్ని సున్నంతో విరిచి రాగి హైడ్రాక్సైడు, క్షార సల్ఫేటుల జిగురు గంజిగా మార్చడం ఆ కాపలాకే. ఫ్రాన్సులోని బోర్డో ద్రాక్ష తోటల్లో దీని పనితనాన్ని గమనించి, మిలార్డే అనే వృక్ష శాస్త్రవేత్త 1885లో ప్రకటించాడు. దారి పక్క ద్రాక్షను దొంగలు తినకుండా రైతులు నీలంగా చల్లుకున్న పూత అది. బూజు కూడా దొంగే కాబట్టి దాన్నీ ఆపింది.

కత్తి పరీక్షకు కూడా మూలం అయాన్లే. సున్నం చాలినప్పుడు రాగి అంతా గంజిలో చిక్కుకుని ఉంటుంది. చాలనప్పుడు విడి రాగి అయాన్లు నీళ్లలో తిరుగుతూ, ఇనుము కనబడగానే దాని ఎలక్ట్రాన్లు లాక్కుని లోహంగా కూర్చుంటాయి.

అన్నభేది – రాత్రి 10:02

నేను కొత్త సభ్యుణ్ణి. రణస్థలం వైపు వేరుశనగ. నా పేరు పెట్టుకున్న మందు పొద్దున కలిపితే లేత పచ్చగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఇటుక రంగు బురద. అదీ విరగడమేనా?

కోట మాస్టారు – రాత్రి 10:15

అది గాలి పని. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటు, అందులోని ఫెర్రస్ ఇనుము నీళ్లలో గాలి తగిలి ఫెర్రిక్ అవుతుంది, అది నీటితో కలిసి తుప్పులా దిగుతుంది. లీటరుకు అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలపండి. నిమ్మ ఉప్పు ఇనుమును పట్టుకుని ఉంచుతుంది, నీటిని కాస్త పులుపు చేసి ఆ మార్పును నెమ్మదింపజేస్తుంది. అయినా కలిపిన పూటే కొట్టేయండి.

వంశధార రైతు – ఆగస్టు 11, ఉదయం 7:00

నిన్న సాయంత్రం మేనత్త పెరట్లో చేశాం. రెండు గాజు గ్లాసులు, ఒకదాని మీద పసుపుతో గీత పెట్టాను. గీత ఉన్నది సంచిలో సరుకు, లేనిది ఎప్సమ్.

రెండూ కాస్టిక్ చుక్క పడగానే తెల్లబడ్డాయి. ఇంకా పోస్తూ తిప్పాను. గీత గ్లాసు పలుచబడింది గాని పూర్తిగా తేటపడలేదు, పొగమంచులా మిగిలింది. గుండె దడదడలాడింది. దుకాణం ఆయనను పట్టుకోవచ్చని సంతోషమో, మోసపోయానని బాధో నాకే తెలియలేదు. మేనత్త మాత్రం, కాస్టిక్ ఇంకొంచెం గట్టిగా కలిపి పొయ్యిరా, సబ్బుకు కూడా చాలని నీళ్లవి అంది. గట్టిగా కలిపి పోశాను. రెండు నిమిషాలు తిప్పాక అవతల పెట్టిన తులసికోట గ్లాసులో నుంచి కనబడింది. ఎప్సమ్ గ్లాసులో అంతే కాస్టిక్ పోశాను, పెరుగు పెరుగులాగే ఉంది. ఇవాళ పొద్దున చూసినా అలాగే ఉంది.

సంచి మంచిదే అన్నమాట.

కోట మాస్టారు – ఉదయం 7:50

మీ మేనత్తకు నా నమస్కారం చెప్పండి. నేను చెప్పడం మరచిన మాట ఆవిడ చెప్పారు. జింకేటు నిలవాలంటే క్షారం గట్టిగా ఉండాలి.

ఒక్క హెచ్చరిక. దీనితో సరుకులో మెగ్నీషియం ఏమీ కలపలేదని తేలింది గాని, సంచి మీద రాసిన 21 శాతం జింకు నిజంగా ఉందో లేదో తేలలేదు. ఆ అంకె ప్రయోగశాలలో తూచి చెప్పాలి. అనుమానం ఉంటే వ్యవసాయాధికారిచేత నమూనా తీయించాలి. ఇంకో సంగతి, కొన్ని సంచుల్లో గింజలకు బదులు పొడి ఉంటుంది, మీద 33 శాతం అని ఉంటుంది. అది నకిలీ కాదు. ఒక్క నీటి అణువు మాత్రమే ఉన్న రకం, నీటి బరువు తగ్గింది కాబట్టి జింకు శాతం పెరిగింది.

బొబ్బిలి బాబాయి – ఉదయం 8:05

నాకు అంటగట్టింది పొడే. రెండేళ్లుగా తిడుతున్నాను. ఇప్పుడు ఆ తిట్లు ఎవరికి వాపసు ఇవ్వాలి?

నౌపడ మడి – ఉదయం 11:20

మెగ్నీషియం గురించి ఇంత మాట వచ్చింది కాబట్టి మా ఉప్పు మడుల సంగతి చెబుతాను. సముద్రపు నీళ్లు ఒక మడి నుంచి ఇంకో మడికి మార్చుతూ ఎండకు చిక్కబరుస్తాం. సుమారు అయిదో వంతుకు ఇంకేసరికి, ఉప్పు ఇంకా ఒక్క పలుకు కూడా పడకముందే, మడి అడుగున జిప్సం పొర కడుతుంది. అరికాలికి గరగరలాడుతుంది. పదో వంతుకు వచ్చాక ఉప్పు. నీళ్ల చిక్కదనం కొలిచే గాజు తేలుడు కర్ర 25 చూపిస్తే ఉప్పు మొదలవుతుంది, 29 దాటితే మిగిలిన నీళ్లు బయటికి వదిలేయాలి. వదలకుండా ఆశపడితే ఉప్పు చేదెక్కుతుంది, చెమ్మ పట్టి బస్తాలో కారుతుంది. ఆ చేదు నీళ్లు ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే పూటంతా అన్నం రుచి తెలియదు. ఆ చేదు అంతా మెగ్నీషియమే అంటారు, నిజమేనా మాస్టారూ?

కోట మాస్టారు – మధ్యాహ్నం 12:40

నిజమే. మీ మడుల వరస పాఠ్యపుస్తకం కన్నా స్పష్టంగా ఉంది. ఒకే సల్ఫేటు ఏ లోహం చెయ్యి పట్టుకుందో దాన్ని బట్టి దాని గతి మారుతుంది. కాల్షియంతో ఉంటే (అదే జిప్సం) లీటరుకు రెండు గ్రాముల చిల్లర మాత్రమే కరుగుతుంది, అందుకే ముందే దిగిపోతుంది. మెగ్నీషియంతో ఉంటే లీటరులో వందల గ్రాములు ఇముడుతుంది, అందుకే చివరిదాకా నీళ్లను వదలదు. ఇందాక చెప్పిన బేరియం మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోయింది.

నీళ్లలో అన్నీ పూర్తిగా విడిపోతాయని మొదట్లో చెప్పాను. అది కొంచెం సులువు చేసి చెప్పిన మాట. మెగ్నీషియం, సల్ఫేటు రెండింటి మీదా రెండేసి ఆవేశాలు ఉంటాయి, ఆకర్షణ గట్టిది. సముద్రంలో కూడా కొన్ని జంటలుగా అంటుకుని తిరుగుతూ, విడిపోతూ, మళ్లీ కలుస్తూ ఉంటాయి. కొన్ని పౌనఃపున్యాల శబ్దం నీటిలో పోతుంటే ఈ కలవడం, విడిపోవడం ఆ శబ్దాన్ని మింగేస్తుంది. మంచినీటి కన్నా సముద్రపు నీటిలో ఆ శబ్దాలు తొందరగా చచ్చిపోవడానికి కారణం అదే. ఇలాంటి అతివేగపు చర్యలను కొలిచిన మాన్‌ఫ్రెడ్ ఐగెన్‌కు 1967లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. వరి మడి నుంచి ఎక్కడికో వచ్చాం, క్షమించాలి.

వంశధార రైతు – ఆగస్టు 20, సాయంత్రం 6:30

రెండోసారి ఒంటరిగా కొట్టాను. నాజిల్ ఒక్కసారి కూడా పూడలేదు. పాత ఆకుల మచ్చలు పోలేదు గాని కొత్తగా వచ్చిన ఆకు పచ్చగా ఉంది. దుకాణానికి వెళ్లి ఆయనకు జరిగినదంతా చెప్పాను. అనుమానించానని కూడా చెప్పాను. ఆయన లోపలికి వెళ్లి ఇంకో కంపెనీ సంచి తెచ్చి నా ముందు పెట్టి, ఇది కూడా ఆ గ్లాసులో వేసి చూసి చెప్పు బాబూ, నాకూ తెలియాలి అన్నారు. మేనత్తను కాస్టిక్ అడగాలంటే ఇప్పుడు మొహమాటంగా ఉంది.

ఇంటర్ రెండో ఏడు – ఆగస్టు 24, రాత్రి 7:15

మాస్టారూ, కళింగపట్నం వెళ్లినప్పుడు సీసాడు సముద్రపు నీళ్లు తెచ్చాను. మా సార్ ఎదుటే ప్రయోగశాలలో కాస్టిక్ వేశాను. తెల్లబడింది. ఇంకా వేశాను. ఎంత వేసినా తేటపడలేదు.

కోట మాస్టారు – రాత్రి 7:22

పారబోయకు. తేరాక పైనీళ్లు వంచేసి, మిగిలిన దాని మీద రెండు చెంచాల వెనిగర్ పోసి ఏమైందో రాయి.